టర్బోకి బొట్టు

నాలుగు వందల మీటర్లు వెళ్ళడానికి మా యజమాని కారుకి పది సెకన్లు పడుతుంది. దాన్ని అందుకు సిద్ధం చేయడానికి నాకు మూడు వారాలు పడుతుంది. డ్రాగ్ రేసింగ్ అంటే ఇంతే. మా యాంగోన్‌లో, అదే పాత రంగూన్‌లో, ట్రాఫిక్ వల్ల కారు కదిలితేనే గొప్ప కాబట్టి, ఊరి బయటికి పోయి పోటీ పెట్టుకుంటారు. టర్బోలు విప్పి బిగించడం నా పని. కిందటి పోటీలో నేను బిగించిన టర్బో రెక్క విరిగి ఇంజన్లోకి పోయింది. ఈసారీ అలాగే అయితే బ్యాంకాక్ నుంచి మరో మెకానిక్‌ని తెచ్చుకుంటానని యజమాని చాలా మర్యాదగా చెప్పాడు. ఆయన మర్యాదగా మాట్లాడితేనే నాకు భయం.

పోటీకి ముందురోజు పొద్దున షెడ్డులో కరెంటు పోయింది. మిగిలిన బిగింపు ఇంట్లో చేద్దామని, బాలెన్స్ చేయించిన టర్బోని సంచౌంగ్ పేటలోని మా ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను.

"ఏటిరా ఇది? నత్తగుల్లలాగుంది," అంది అమ్మ.

"గాలి మింగి ఇంజన్‌కి పెడతాదమ్మా."

"మరి దానికేటి మిగుల్తాది?"

"ఏటీ మిగలదు."

"పాపం," అంది.

నేను స్నానం చేసి వచ్చేసరికి పనైపోయింది. లోపలి చక్రానికి పదకొండు రెక్కలుంటే పదకొండింటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు. నిమిషానికి లక్షసార్లకు పైగా తిరిగే చక్రమది. బాలెన్స్ కుదరడానికి దాన్ని రవ్వంత రవ్వంత అరగదీస్తారు. బొట్లు చూస్తే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో బొట్లు పెట్టేది పక్కింటి పిన్ని. నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మ కుంకుమ భరిణె ముట్టదు. పండగ వచ్చినా, కొత్త ఫ్రిజ్ వచ్చినా పిన్నినే పిలుస్తుంది. ఈసారి పిన్నిని నాలుగు దులుపుదామని, "ఎవరు పెట్టినారు?" అని అరిచాను.

"నానే," అంది అమ్మ. "నీ కూడు దాని మీదుంది కదా, నా సేత్తో పెడదామనిపించింది. నానెవరో దానికేటి తెలుస్తాది?"

కానీ చెప్పక తప్పదు. "తుడవాలమ్మా. ఉంచితే విరుగుతాది."

"అయితే తుడిసీ."

ఆమె చూస్తుండగానే, స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో పదకొండు బొట్లూ తుడిచాను. నాన్న పోయినప్పుడు ఆమె నుదుట తుడిచిన వాళ్ళు ఇంత నెమ్మదిగా తుడవలేదు. తిరగని పైడొప్ప మీద ఒకటి పెట్టమ్మా అన్నాను. "వద్దులే," అని చేతులు కడుక్కుంది.

మర్నాడు కారు గెలిచింది. టర్బోకి ఏమీ కాలేదు. యజమాని నా భుజం తట్టాడు, బ్యాంకాక్ మాట ఎత్తలేదు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అమ్మ సంతోషించింది.

"అయితే తుడిసీడమే మంచిదయ్యింది," అంది.

అవునన్నాను. నీ చేతి చలవేనమ్మా అని అక్కడ ఒక్క అబద్ధం ఆడలేకపోయినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.