ఎర్ర గీత కింది అంకెలు

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోను తెచ్చి నా కళ్లముందు పెట్టి, పులికాట్ దగ్గర సముద్రం పొద్దున ఎన్ని గంటలకు పొంగుతుందో, మళ్లీ ఎన్ని గంటలకు తగ్గుతుందో నిమిషాలతో సహా చూపించింది. ఒకసారి పోయి చూసొద్దామా అని నేనంటే, "పోయి చూసే పనేముందవ్వా, ఇందులోనే ఉండాది కదా" అని నవ్వేసింది. ఆ మాట ఎక్కడో విన్నానే అనుకున్నాను. వినడం కాదు, అన్నది నేనే.

తొంభైల నడుమ ఏర్పేడు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఆటుపోట్ల పాఠం ఐదేళ్లుగా చెబుతున్నాను, సుద్దముక్కతో చంద్రుణ్ణి గుండ్రంగా గీయడంలో నన్ను మించినవాళ్లు లేరు, కానీ సముద్రాన్ని మాత్రం ఒక్కసారైనా చూసి ఎరగను. మనలో చాలామంది అంతే కదా, తిరుమల కొండ ఎన్నిసార్లు ఎక్కామో చెప్పలేం గానీ, తూర్పున ఒక్క పూట ప్రయాణంలో ఉన్న సముద్రానికి ఏం పనుందని పోతాం? అలాంటి నన్ను, ఆ వేసవిలో పులికాట్ సరస్సు ఒడ్డున హైస్కూలు పిల్లలకు తీరప్రాంత పర్యావరణం మీద శిబిరం పెడుతున్నారని ఉత్తరం వస్తే, మా హెడ్మాస్టరు ఎనిమిదిమంది పిల్లల్ని అప్పగించి పంపించారు. నేనే చూడలేదని చెప్పడానికి నోరు రాలేదు. బస్సులో పిల్లలు సముద్రం ఎట్లుంటుందని అడిగినప్పుడల్లా కళ్లారా చూసినదానిలా కల్పించి చెబుతూ పోయాను, చెప్పేకొద్దీ నాకే ఎప్పుడెప్పుడు చూస్తానా అని ఆత్రం పెరిగిపోయింది.

జాలర్ల పల్లె బడిలో మా బస. దిగీదిగగానే ఎవరూ చూడకుండా సరస్సు నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను, ఉప్పగా ఉంటే చిన్నపిల్లలా సంబరపడ్డాను. శిబిరం నడిపే పెద్దాయన సముద్రం గురించి జీవితమంతా చదువుకున్న మనిషి. ఆయన రెండోరోజు తెల్లవారుజామునే మా పిల్లలకు అంగుళాల గీతలు వేసిన రెండు వెదురుకర్రలిచ్చి, ఒకటి మగపిల్లలు, ఒకటి ఆడపిల్లలు సరస్సులో పాతి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటగంటకూ నీటిమట్టం రాయమన్నారు. సముద్రం సరస్సుకు అవతల, ఇసుక తిన్నె దాటితే ఉంది. పడవలో చోటు తక్కువ కాబట్టి, బాగా రాసినవాళ్లను బడికొకరు చొప్పున మర్నాడు అక్కడికి తీసుకుపోతామన్నారు. ఇంకేం, నీళ్లు మధ్యాహ్నం దాకా పెరిగి ఆ తర్వాత తగ్గుతాయని పిల్లలకు ముందే పాఠం చెప్పేశాను.

ఆడపిల్లల పుస్తకం నీరుగంటి కూతురి చేతిలో ఉంది. చెరువు నీళ్లు ఏ మడికి ఎంతసేపు వదలాలో చూసేవాణ్ణి మా వైపు నీరుగంటి అంటారని మీకు చెప్పక్కర్లేదు. ఆ పిల్ల చిన్నప్పటినుంచీ నాయన వెంట తూము దగ్గర నిలబడి నీళ్లు చూసిన పిల్ల. అల సద్దుమణిగేదాకా ఆగి, మూడుసార్లు చూసి గాని ఒక అంకె వేసేది కాదు.

మూడు గంటలప్పుడు పుస్తకాలు తెప్పించుకున్నాను. మగపిల్లల పేజీలో నీళ్లు నేను చెప్పినట్టే అంగుళం అంగుళం పెరిగి, బుద్ధిగా తగ్గాయి. ఆ పిల్ల పేజీలో మాత్రం పొద్దున ఆరు నుంచి ఒకటే అంకె, పదకొండు, పదకొండు, పదకొండు. కూర్చున్న చోటి నుంచి కదలకుండా రాసేసిందని నాకు ఒళ్లు మండింది. ఎర్రసిరా పెన్నుతో అన్నింటినీ అడ్డంగా కొట్టేసి, పక్కన మగపిల్లల అంకెలు ఎక్కించమన్నాను.

"టీచర్, మీరొకసారి వచ్చి చూడండి. నీళ్లు కదల్లేదు" అనింది.

"చూసే పనేముంది, పుస్తకంలోనే ఉండాది కదా" అన్నాను.

కర్ర వంద అడుగుల దూరంలో ఉంది. ఎండకు వెనకాడానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది అబద్ధం. పోతే అక్కడ నాకు తెలియనిది కనబడుతుందేమోనని భయం.

సాయంత్రం అందరి ముందూ పెద్దాయన పుస్తకాలు తిరగేస్తూ, ఇవెందుకు కొట్టేశావమ్మా అని ఆ పిల్లను అడిగారు. అది నా వైపు చూసింది. నా పేరు చెప్పలేదు, తల వంచుకుంది. అంతలో అన్నం గంప దించుతున్న వంటామె, ఆ ఊరి పడవాయన భార్య, పెద్దాయన చదివిన మగపిల్లల పేజీలో నీళ్లు పెరిగాయని విని పకపకా నవ్వింది. "ఈ నీళ్లు యాడ పొంగినాయి సామీ! సముద్రం నీళ్లొచ్చే దారి ఇసక పూడి రెండు నెల్లాయె" అనింది. మగపిల్లలు ముఖాలు చూసుకున్నారు. పొద్దంతా తాటి ముంజలు తింటూ, నా పాఠం చూసుకుని అంకెలు వేశారట పాపం!

నేను లేచి నిలబడ్డాను. ఆ గీత నాదని, ఆ పిల్ల చెప్పినా నేను పోయి చూడలేదని, అసలు సముద్రమే నేనింతవరకు చూడలేదని అన్ని బళ్ల పిల్లల ముందూ చెప్పేశాను. మా పిల్లలు నోళ్లు తెరిచారు. బస్సులో చెప్పిన కథలన్నీ గుర్తొచ్చి ఉంటాయి. పెద్దాయన పడవలో పోయేవాళ్ల జాబితాలో ఆ పిల్ల పేరు రాసుకున్నారు. అప్పుడది నెమ్మదిగా, "మా టీచరమ్మను గూడా పిలుచుకోని పోదాం సార్, ఆమె గూడా చూళ్లేదంట" అనింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

మర్నాడు తిన్నె ఎక్కి నిలబడితే, ఒకవైపు కదలని సరస్సు, ఇంకోవైపు నేను ఐదేళ్లు బోర్డు మీద గీసిన సముద్రం. దాన్ని చూసి ఎంతసేపు అట్లా ఉండిపోయానో తెలియదు. ఆ పిల్ల తడి ఇసుకలో కర్ర గుచ్చి, పుస్తకం నా చేతికిచ్చి, తను చూసి చెబుతుంటే నన్ను రాయమంది. మధ్యాహ్నానికి నీళ్లు నిజంగానే కర్ర పైకి ఎక్కాయి. రాసిన ప్రతి అంకెనూ అది ఒకసారి తొంగి చూసి గాని ఒప్పుకోలేదు.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, ఏ పిల్ల వచ్చి చూడండి టీచర్ అన్నా లేచి వెళ్లాను. ఇప్పుడట్లా పిలిచేవాళ్లు లేరు. ఆనాడు మూడు బస్సులు మారి పోయిన చోటికి ఇప్పుడు కారెక్కితే టిఫిను వేళకు చేరుకోవచ్చు, అయినా ఎవరూ పోవడం లేదు. మనవరాలి ఫోనులో నిమిషాలు చాలా సరిగ్గా ఉన్నాయి. దారి తెరుచుకుని ఉందో పూడిపోయి ఉందో మాత్రం అందులో లేదు. వచ్చే ఆదివారం తనకు ట్యూషన్ లేదట, బయల్దేరదాం అన్నాను. ఫోను తెచ్చుకుంటే తెచ్చుకోమన్నాను, కర్ర మాత్రం నేనే వెతికి పెట్టాను.