సగం దింపిన షట్టర్

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర మాకో చిన్న టిఫిన్ హోటల్ ఉండేది. వండేది మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం; గల్లా దగ్గర కూర్చునేది బాపు, పెత్తనం చేసేదీ బాపే. రాష్ట్రం కోసం సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాక బేరం పూర్తిగా పడిపోయింది.

బందు రోజుల్లో మా బజారులో ఒక ఆనవాయితీ ఉండేది. షట్టర్ సగం దింపి లోపల వ్యాపారం నడిపించేవారు. పొద్దున్నే జై తెలంగాణ అని గొంతు చించుకున్నవాళ్లే ఎండెక్కేసరికి వంగి దూరి ఇడ్లీ తిని పోయేవారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనేవారు కాదు. బాపు కూడా అదే చేద్దామన్నాడు. కిరాయి కట్టకపోతే జాగ ఖాళీ చేయమని ఓనర్ అప్పటికే చెప్పి పోయాడు మరి.

"షట్టర్ మీద చెయ్యేసినవనుకో, గంటెతోని కొడత!" అంది అవ్వ. "డ్రైవర్లు, కండక్టర్లు జీతాల్లేక పెండ్లాం పిల్లలతోని రోడ్డు మీద కూసున్నరు. మనం దొంగసాటుగ దుకాణం తెరుసుకుందమా?"

"హోటలే పోయినంక రాష్ట్రం తెచ్చుకొని ఏం జేస్తవే? గింత చిన్న రాష్ట్రం ఎట్ల బతుకుతదో ఎవలకెరుక!"

"మనం వేరుపడ్డనాడు మీ అన్న గిదే అన్లేదా, వేరువోయి మన్ను తింటరా అని? మన రెక్కల కష్టం మన గల్లలనే పడ్డంక బతకలేదా? గప్పుడూ బుగులుపడ్డవ్, గిప్పుడూ బుగులుపడుతున్నవ్."

బాపు గొణుక్కుంటూ షట్టర్‌కు తాళం వేశాడు. నాకు నవ్వొచ్చింది. అమ్మో, ఏం మనిషి అనుకున్నాను.

అంతటితో ఊరుకుందా! రోడ్డు మీద పొయ్యిలు పెట్టి అందరూ అక్కడే వండుకు తినే వంటా వార్పు రోజున హోటల్లో మిగిలిన బియ్యం, పప్పు, రవ్వ అంతా మోయించుకుపోయింది. ఎర్రటి ఎండలో చెమటలు కారుతుంటే పెద్ద గంజులో ఉప్మా కలిపి, వచ్చినవాళ్లందరికీ కొసరి కొసరి వడ్డించింది.

సమ్మె ముగిసేసరికి హోటల్ పోయింది. ఓనర్ దాన్ని సెల్‌ఫోన్ల దుకాణానికి ఇచ్చేశాడు. మేం ఎదురుగానే తోపుడు బండి పెట్టుకున్నాం. రెండేళ్లకు పైగా అవ్వ ఒక్కసారి కూడా అటు చూసి నిట్టూర్చలేదు.

రాష్ట్రం వచ్చిందని తెలిసిన రోజు బజారంతా గులాల్ చల్లుకున్నారు. మమ్మల్ని ఖాళీ చేయించిన ఓనరే స్వీటు డబ్బా పట్టుకుని బండి దగ్గరకొచ్చాడు. "అక్కా, తెలంగాణొచ్చింది, నోరు తీపి జేసుకో!"

అవ్వ లడ్డూ తీసుకుని తిన్నది. బాపు కోసం ఇంకోటి అడిగి తీసుకుంది. అతను వెళ్లిపోయాక బండి చాటున కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బాపు కంగారుగా పక్కన కూర్చుని, ఆ రోజు షట్టర్ తెరిచి ఉంటే బాగుండేదేమోనని నసిగాడు.

"ఆ దినం మల్లొచ్చినా గట్లనే మూస్త," అంది అవ్వ. "గానీ నా హోటల్ పోయింది. ఒక్కపారి ఏడ్వనియ్యి నన్ను."