ముందుగదిలో లైటు

మొన్న మా మేనల్లుడు కాలేజీ స్నేహితులతో కలిసి సెల్‌ఫోనులో తీసిన సస్పెన్స్ సినిమా ఒకటి చూపించి, ఎలా ఉంది మావయ్యా అని అడిగితే బాగుందనే అన్నాను గానీ, తెరనిండా ఎర్ర లైట్లూ నీలం లైట్లూ నింపేసి భయపడు, భయపడు అని మీద పడుతుంటే నాకు భయమేమీ వేయలేదు సరికదా, పలాసలో పెళ్లి వీడియోలు తీసుకుని బతికిన రోజులు గుర్తొచ్చి మనసంతా అదోలా అయిపోయింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. టెక్కలి డిగ్రీ కుర్రాళ్లు నలుగురు, పాడుబడ్డ ఇంట్లో ఎవరో ఉన్నారనే కథ ఒకటి రాసుకుని, కెమెరాతో పాటు నా పెళ్లి లైట్లన్నీ కావాలంటూ వచ్చారు. అన్నీ వేస్తే మీ దెయ్యానికి పెళ్లికళ వచ్చేస్తుందర్రా అని నవ్వి, బారువ వైపు మా పిన్ని ఇల్లు చూపించాను. ఊరికి దూరంగా జీడితోటలో ఒంటరి ఇల్లది. జీడికొమ్మలు నేలదాకా వాలి పగలే చీకటిగా ఉంటుంది, రోడ్డు మీదికి ముందుగది కిటికీ ఒక్కటే కనిపిస్తుంది, వెనక ఎక్కడో సముద్రపు హోరు.

చిన్నాన్న అండమాన్ పనికి వెళ్లి, మొదట్లో ఉత్తరాలు రాసి, తరవాత అవీ మానేశాడు. పిన్ని పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసి పొద్దుగూకే బస్సుకి వచ్చి, వెనక గదిలోనే వండుకుని అక్కడే పడుకునేది. ఇంటాయన లేనప్పుడు ముందుగదికి లైటెందుకనేది. ఆ గదిలో లైటు వెలిగితే చిన్నాన్న ఉన్నట్టని చుట్టుపక్కల అందరికీ తెలుసు. షూటింగంటే పగలే అయిపోతుందనుకుని తాళం ఇచ్చి పనికి వెళ్లింది పాపం.

మాకు కావలసింది మాత్రం ఆకాశంలో కాస్త నీలం మిగిలి చెట్లు నల్లబడిపోయే ఆ కొద్దిపాటి వేళ. ముందుగదిలో నలభై క్యాండిల్ బల్బు ఒక్కటే కిందికి వేలాడదీసి, వెలుగు చారలు చారలుగా పడేలా కొబ్బరాకుల దడి అడ్డుపెట్టి, కెమెరా దూరంగా కొమ్మల కింద పెట్టాం. లైటు ఎవరు వేశారో చూసేవాడికి తెలియకూడదనీ, ఆ తెలియకపోవడాన్ని ఎంత సాగదీస్తే సినిమా అంత పండుతుందనీ ఆ కుర్రాళ్లకి పెద్ద పాఠమే చెప్పాను.

కెమెరా తిరుగుతోంది. హీరో కుర్రాడు నడవాల్సిన దారిలోకి పిన్ని వచ్చింది. బస్సు దిగగానే పొరుగావిడ ఎదురై, "వొదినా, మీ ముందుగదిలో లైటెలుగుతంది, అన్నొచ్చినాడేటి?" అందని తరవాత తెలిసింది. సగం పరుగుగా వచ్చిన మనిషి ఇల్లు దగ్గరయ్యేసరికి ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుంది, జుట్టు సవరించుకుంది, జీడిరసంతో నల్లబడ్డ చేతులు కొంగు కింద దాచుకుంది. అప్పుడు మెల్లగా గుమ్మం ఎక్కింది. కెమెరా కంటిలోంచి చూస్తున్న నేను ఆవిడని పిలవడమూ మరిచిపోయాను, కెమెరా ఆపడమూ మరిచిపోయాను.

లోపల ఎవరూ లేరు. వెనకాలే వెళ్లిన నన్ను చూసి, "నువ్వా నాయినా" అంది, అంతే. ఆ తరవాత మా అందరికీ టీ పెట్టింది. సంగతి తెలిశాక ఆ కథ రాసిన కుర్రాడు, నేను చెప్పకుండానే, టేపు వెనక్కి తిప్పి ఆ షాట్ మీద ఇంకోటి తీసేశాడు. సర్దుకుని వెళ్లేటప్పుడు నేను స్విచ్ మీద చెయ్యి వేస్తే పిన్ని ఆపింది.

"ఆర్పకు నాయినా, ఈ రాత్రికి అలగుండనీ."

సినిమా కాలేజీలో వేశారు, ఈలలు కూడా పడ్డాయి. చిన్నాన్న రాలేదు. పిన్నీ ఇప్పుడు లేదు. ఆ దారి పొడుగునా వీధిలైట్లు తెల్లవార్లూ వెలుగుతున్నాయి, మనుషులు బస్సెక్కకముందే ఫోన్లో వస్తున్నామని చెప్పేస్తున్నారు, దూరం నుంచి కిటికీ చూసి గుండె దడదడలాడే అవసరం ఎవరికీ లేకుండా పోయింది. మంచిదే. అయినా అనిపిస్తుంది, ఇన్నేళ్ల ఎదురుచూపులో ఆ ఒక్క సాయంత్రం, ఆ కాస్త దారి నడిచినంతసేపూ, పిన్నికి చిన్నాన్న ఇంట్లోనే ఉన్నాడు.