మామగారి తొమ్మిదో నంబరు

2022. ఆఫీసులు తెరుచుకున్నా ఉప్పల్, నాచారం ఇళ్లలో చాలామంది ఇంకా ల్యాప్‌టాప్ ముందే ఉద్యోగం చేస్తున్న రోజులు. ఇళ్లకు నెట్ కనెక్షన్లు ఇచ్చే పని నాది. నెట్ ఆగితే జనం ముందు రౌటర్‌ని కొడతారు, తర్వాత నన్ను తిడతారు. ఈ వరుస ఏ ఇంట్లోనూ తప్పలేదు.

నాచారంలో స్వప్న అనే అమ్మాయికి కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడే కొత్త ఉద్యోగం. ఇంకోసారి కాల్ మధ్యలో తెగితే ఉద్యోగం ఉండదని టీమ్ లీడర్ చెప్పేసిందట. నేను వెళ్లగానే గుమ్మంలోనే ఆపి గొంతు తగ్గించింది.

"అన్నా, వైర్లు సూడకు. మా మామయ్య టీవీ పెడితే సాలు, నా కాల్ కట్ అయితది. నేను నౌకరీ జేసుడు ఆయనకు ఇష్టం లేదు. కావాలనే జేస్తుండు."

లోపల ఆమె మామగారు, ఫ్యాక్టరీలో రిటైరైన యాదగిరిగారు, రిమోట్ పట్టుకుని సోఫాలో ఉన్నారు. ఆయన ఫిర్యాదు ఆయనది.

"ఆమె ల్యాప్‌టాప్ తెరిస్తే నా టీవీ గూడ ఆగుతది. భజన నడుమ గుండ్రంగ తిరుగుడే. నేనేమన్న అన్ననా?"

ఇది నెట్‌వాడి పని కాదు, పెద్దమనుషుల పంచాయితీ అనుకున్నాను.

రౌటర్ ఇంట్లోని ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. ఇంటి నంబరు లాంటిదే. మామూలుగా ఒకే ఇంట్లో మారేది దాని చివరి సంఖ్య. రెండు పరికరాలకు ఒకే నంబరు పడితే దాన్ని ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అంటాం. ఎవరికి రావలసింది వాళ్లకు సరిగ్గా చేరదు. రౌటర్ తనంతట తాను సాధారణంగా ఇలా ఇవ్వదు, ఎవరో చేత్తో పెట్టి ఉండాలి. టీవీలో చూశాను, చివర తొమ్మిది. ల్యాప్‌టాప్‌లో చూశాను, అక్కడా తొమ్మిదే.

"ఈ నంబరు ఎవరు పెట్టిన్రు?" అని అడిగాను.

"నేనే," అన్నారు యాదగిరిగారు గర్వంగా. "వీడియో సూసి నేర్సుకున్న. తొమ్మిది నా లక్కీ నంబర్."

బస్సు నంబరులోని అంకెలు కూడి తొమ్మిది రాకపోతే ఇంకో బస్సు కోసం నిలబడే మనిషట.

"మరి ల్యాప్‌టాప్‌కు?"

ఆయన గొంతు తగ్గింది. "బిడ్డది కొత్త నౌకరీ గదా. మొదటి దినం ల్యాప్‌టాప్ తెరిసి దేవునికి మొక్కనీకి పోయింది. మంచి జరగాలెనని నా నంబరే పెట్టిన. నా కొడుక్కు గూడ ఇయ్యలే."

స్వప్న మొహం ఎర్రబడింది. "నాకు జెప్పొచ్చు గద మామయ్యా!"

"జెప్తే పని జెయ్యది బిడ్డా."

నవ్వు ఆపుకోలేక రౌటర్ వెనక తల దాచుకున్నాను. నంబరు మార్చడం చిటికెలో పని, ఆయన ఒప్పుకుంటేగా! తొమ్మిది తీస్తే ఉద్యోగం పోతుందని అడ్డం కూర్చున్నారు. అది ఉండటం వల్లే పోయేలా ఉందని ఎంత చెప్పినా చెవికెక్కలేదు.

"ల్యాప్‌టాప్‌కు పద్దెనిమిది పెడ్త అంకుల్," అన్నాను చివరికి. "ఒకటి, ఎనిమిది కూడితే తొమ్మిదే గదా."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. కోడలి వైపు ఒకసారి చూశారు.

"గట్లయితే అసలుది బిడ్డకే ఉంచు. కూడినది టీవీకి పెట్టు."

అలాగే పెట్టి, ఆ రెండు నంబర్లూ ఇంకెవరికీ ఇవ్వకుండా రౌటర్‌లో కట్టేశాను. టీవీలో భజన, పక్కగదిలో స్వప్న కాల్, రెండూ నడిచాయి. నాకు చాలా సంతోషమేసింది.

అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా నెట్ ఎవరు చెడగొట్టారని అడగను. ఎవరు బాగుచేశారని అడుగుతాను. వెంటనే ఒక పెద్దాయన చెయ్యెత్తుతాడు.