పెద్దబాబా వాకిట్లో మట్టి బాన

మొన్న ఇక్కడ కువైట్‌లో, ఖైతాన్‌లో మేముండే బిల్డింగులో నీళ్ళ ట్యాంకు చల్లబరిచే మిషను పాడైపోయి, పిల్లలంతా ఫోన్లు పట్టుకుని యాభై డిగ్రీలు, యాభై డిగ్రీలు అని గోల పెడుతుంటే నాకు లోపల్లోపల నవ్వొచ్చిందండీ. ఆ సంగతి ఫోను చూసి చెప్పాలా, కుళాయి కింద వేలు పెడితే తెలియదూ? ఇలాంటి మిషన్లు లేని రోజుల్లో ఈ ఎడారిలో వేసవులు గడిపిన మన ఈడు వాళ్ళకి ఒకరు చెప్పాలా అని గొప్పగా అనుకుంటూనే, వచ్చిన కొత్తలో చేసిన తెలివితక్కువ పని గుర్తొచ్చి నాలుక్కరుచుకున్నాను.

కోనసీమ నుంచి సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనికి వచ్చేసరికి నాకు పాతికేళ్ళు కూడా నిండలేదు. నెల తిరక్కుండా ఏడ్చుకుంటూ వచ్చేస్తుందని మా అత్తగారు వీధిలో పదిమందీ వినేలా అన్న మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. చచ్చినా సరే, ఆ మాట నిజం కానివ్వకూడదనుకున్నాను. అందుకే మూడో రోజున, బాత్‌రూములో హీటరు ఆర్పేసి ఉండటం చూసి, అయ్యో, మరిచిపోయినట్టున్నారు, మంచి పేరు తెచ్చుకుందామని స్విచ్చి వేసేశాను. ఇక్కడ వేసవిలో మేడమీది ట్యాంకు నీళ్ళు ఎండకే కాగిపోతాయనీ, ఏసీ చల్లదనంలో ఉన్న హీటరు ఆర్పేసి, అందులో నిలిచి చల్లారిన నీళ్ళే వేడినీళ్ళ కుళాయిలోంచి పట్టుకుంటారనీ నాకెవరు చెప్పారు గనక! నమాజుకి ముందు చేతులు కడుక్కోబోయిన పెద్దబాబాకి, అంటే ఇంటావిడ మావగారికి, చెయ్యి చుర్రుమంది.

ఇంటావిడని అందరం మామా అనే, అంటే అమ్మా అని, పిలిచేవాళ్ళం. ఆవిడ ఇల్లెగిరిపోయేలా అరిచి, ఖలాస్, దీన్ని రేపు మధ్యాహ్నం మక్తబ్‌లో దింపేసిరా అని డ్రైవరన్నతో చెప్పేసింది. మక్తబ్ అంటే నన్ను పనికి పెట్టిన ఆఫీసు. అక్కడికి వెళ్ళానంటే ఇక విమానం ఎక్కించడమే. రాయచోటి మనిషి ఆ డ్రైవరన్న, "ఎండాకాలంలో హీటరేసేవాళ్లుంటారా మ్మా యాడన్నా?" అని తల పట్టుకున్నాడు.

ఏడ్చాను, దాచడమెందుకు. మర్నాడు పొద్దున్న వాకిలి తుడుస్తుంటే గోడవార నీడలో పెద్ద మట్టి బాన ఒకటి కనిపించింది, ఒట్టి ఖాళీగా. వేసవిలో బాన ఖాళీగా ఉంచడమేమిటండీ, మా ఇంట్లో అయితే మా అమ్మ చేతిలో నా వీపు విమానం మోతే! పోయేముందు పెద్దాయనకి చల్లటి నీళ్ళన్నా ఇచ్చి పోదామని దాన్ని శుభ్రంగా తోమి, నింపి, బియ్యం వచ్చిన గోనెసంచి తడిపి చుట్టూ కట్టి, ఆరినప్పుడల్లా మళ్ళీ తడుపుతూ వచ్చాను.

మధ్యాహ్నం నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన డ్రైవరన్న బాన చూసి కొయ్యబారిపోయాడు. అది పెద్దబాబా వాళ్ళమ్మదట, జ్ఞాపకానికి పెట్టుకున్నదట, ఎవరూ ముట్టుకోరట! నా పైప్రాణాలు పైనే పోయాయి. ఈలోగా మామా బయటికొచ్చి నోరు తెరవబోతుండగా, వెనకాలే పెద్దబాబా వచ్చాడు. వడగాలి మొహం మీద కొడుతోంది. ఆయన తడిగోనెని తడిమి చూశాడు. మూత తీసి, గ్లాసు ముంచుకుని, మెట్టు మీద కూర్చుని తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ ఏదో చాలాసేపు చెప్పాడు. ఇంటికి కరెంటు రాకముందు వాళ్ళమ్మా ఇలాగే తడిబట్ట చుట్టేదట. చివర్లో కోడలి వైపు తిరిగి, ఈ పిల్ల ఎక్కడికీ పోదని ఒక్క ముక్క అన్నాడట. డ్రైవరన్న ఆ మాట తెలుగులో చెప్పేసరికి వాకిట్లోనే గెంతాలనిపించింది నాకు!

ఆ ఇంట్లో ఇరవై రెండు వేసవులు చేశాను. మా కోడలు కువైట్‌లో ఉంటుందని మా అత్తగారే ఊరంతా చెప్పుకుని తిరిగింది.

ఆ తర్వాత పని మానేసి ఈ బిల్డింగుకి వచ్చేశాను. పెద్దబాబా పోయాక మామాయే కారులో తెచ్చి బానని నా గుమ్మంలో దింపి వెళ్ళింది. మొన్న బిల్డింగు పిల్లలంతా ఆ బానలో నీళ్ళే తాగి, ఎంత చల్లగా ఉన్నాయో ఆంటీ అని ఫోటోలు తీసుకున్నారు. నిన్న మిషను బాగైంది, ఇవాళ ఒక్కరూ రాలేదు. రాకపోతే మానె, నేను మాత్రం పొద్దున్నే నింపేశాను. వేసవిలో బాన ఖాళీగా ఉంచితే ఊరుకోరండీ, మా అమ్మా, పెద్దబాబా వాళ్ళమ్మా.