ఖడ్గమృగానికి నన్నే సాహెబ్ ముసుగు

ఆఫ్రికాలో ఖడ్గమృగానికి పెళ్లి చేసింది మా బన్సీలాల్‌పేట్ నన్నే సాహెబే. నవ్వేవాళ్లు నవ్వండి. హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. మేడలు ఎవరైనా కడతారు, అంత లావు పెళ్లికూతురికి ముసుగు కుట్టేవాణ్ని చూపించండి!

సాహెబ్ పెళ్లి ఊరేగింపు బరాత్ గుర్రాలకు అలంకారాలు కుడతాడు. ఆయన జరీ ముసుగు తొడిగితే బక్క గుర్రం కూడా నవాబుగారి అల్లుడిలా నడుస్తుంది. ఓ రోజు ఆయన దగ్గరికి సీతాఫల్‌మండిలో ఉండే సూరి వచ్చాడు. తుని వైపు కుర్రాడు, అడవి జంతువుల జాడ కనిపెట్టే సాఫ్ట్‌వేర్ రాస్తాడు.

"ఆఫ్రికాలో ఓ రకం తెల్ల ఖడ్గమృగాలు వేళ్ల మీద లెక్కెట్టేటన్నే మిగిలాయండి. ఓ ఆడదాన్ని మగదాని దగ్గరికి పెట్టెలో పెట్టి లారీలో తీసుకెళ్లాలి. దారిలో దానికి కళ్లు కనపడకూడదు. కనపడ్డాయా, బెదిరిపోయి పెట్టెకి గుద్దుకుని చచ్చిపోద్ది. మీ కుట్టయితే ఊడదని అక్కడోళ్లకి మాటిచ్చేశానండి" అని కొలతలిచ్చాడు.

రాత్రికి విమానం ఎక్కాల్సిన రోజు పొద్దున సూరి వచ్చి ముసుగు విప్పి చూశాడు. ఎర్ర మఖ్మల్ అంచు, జరీ పువ్వులు, కొమ్ముకు కుచ్చు. కళ్ల దగ్గర గుండ్రంగా రెండు కంతలు.

"ఇదేటండి సాహెబుగారూ! దారంతా చూసుకుంటా పోద్ది కదా!"

గుర్రానికి దారి కనపడకపోతే పెళ్లికొడుకు మురిక్కాలువలో పడతాడు. ఏళ్ల తరబడి అదే కుట్టిన చెయ్యి, అలవాటుగా కంతలు కోసేసింది.

"అతుకులేసేయండి చాలు" అన్నాడు సూరి, గడియారం చూసుకుంటూ.

"అతుకా? నడిమిట్ల ఊడితే గా జానవర్ పానం ఎవలిస్తరు బేటా? పరేషాన్ గాకు, పొద్దుగూకేలోపు కొత్తది కుడత."

ఈసారి జరీ లేదు, కుచ్చు లేదు. రెండు పొరల మందపు కాన్వాసు. కుట్టి, తన తలకే తొడుక్కున్నాడు. నడుము దాకా దిగింది. అలాగే వీధిలోకి నడిచి, మోండా మార్కెట్ నుంచి వస్తున్న కమలాబాయి ఉల్లిగడ్డల గంప మీద పడ్డాడు.

"ఏందయ్యా సాహెబ్, కండ్లు కనిపిస్తలేవా?"

"అల్‌హమ్దులిల్లా, కనిపిస్తలేవు!"

సూరి దాన్ని సంచిలో కుక్కుకుని ఎయిర్‌పోర్టుకి పరుగెత్తాడు. నెల తిరక్కుండా ఫోటో పంపాడు. లారీలో మన ముసుగు వేసుకుని పెళ్లికూతురు బుద్ధిగా నిలబడి ఉంది. మగది ఉన్న అడవిలో దిగేదాకా తల విదిలించలేదట. పిల్లలు పుట్టాలి, జాతి నిలవాలి. అది ఇక వాళ్ల పని. మన వైపు లాంఛనాలు మాత్రం లోటు లేకుండా జరిగాయని ఊరంతా చెబుతున్నాను.

సాహెబ్ సూదిలోకి దారం ఎక్కిస్తూ విన్నాడు.

"పెళ్లి గిళ్లి నేన్ చెయ్యలే. ముసుగు కుట్టిన. మొదటిది తప్పు కుట్టిన."