చివరి బెంచీ దైవాశీర్వాదం గారు

దైవాశీర్వాదం గారికి దేని ముందు భాగంతోనూ పని లేదు. కారైనా, చర్చి అయినా, పెళ్ళి భోజనమైనా వెనక నుంచి చూసి తేల్చేస్తారు. "ముందు వరస ఎక్కడైనా బాగానే ఉంటుందయ్యా శ్రీధర్. అదేం గొప్ప? చివర కూర్చున్నవాడి సంగతి చూడాలి" అంటారు. అని ఊరుకుంటే బాగానే ఉండేది. ఆయన వెళ్ళి చూస్తారు.

అమెరికాలో మేముండే పార్సిప్పనీలో ఆయన స్టేషన్ వ్యాగన్ కారు కొన్న రోజు నేను పక్కనే ఉన్నాను. సేల్స్‌మన్ తాళాలు చేతికిస్తే, వాటిని మళ్ళీ అతని చేతిలోనే పెట్టి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నారు. "యూ డ్రైవ్" అన్నారు. పాపం అతను ఊరంతా తిప్పాడు. ఈయన వెనక సీట్లో ఈ చివర నుంచి ఆ చివరకి జరుగుతూ, మోకాళ్ళు తగులుతున్నాయా, కిటికీ దిగుతోందా అని చూసుకున్నారు.

"మరి ఇంజన్ సంగతో అన్నగారూ?" అన్నాను.

"దానికేం, అది ముందుంటుందిగా" అన్నారు.

ఆదివారాలు అమెరికన్ల చర్చి హాలు ఒకటి అద్దెకు తీసుకుని మన క్రైస్తవులు తెలుగు ఆరాధన జరుపుకునేవారు. పాస్టరు గారు ప్రసంగం మొదలుపెట్టగానే చివరి వరస నుంచి "వినబడుతోంది, కానివ్వండి" అని ఒక గొంతు అనుమతి ఇచ్చేది. తర్వాత భోజనాల్లో అందరికంటే చివర ప్లేటు పట్టుకుని, గరిటె డేగిసా అడుగుదాకా దించి, ముక్కలు మిగిలాయో లేదో చూసేవారు. మిగలకపోతే వడ్డించినవాళ్ళకి ఇంకో ప్రసంగం. నేను ఆ చర్చివాణ్ణి కాను కానీ, ఆ కోడి పలావు దగ్గర మాత్రం ఎప్పుడూ మతభేదం పాటించలేదు.

"పరలోకానికి వెళ్ళినా ఈయన తిన్నగా లోపలికి పోరు. వెనక గేటు ఎలా ఉందో చూసొస్తానంటారు" అనేవారు ఆయన భార్య జ్ఞానమ్మగారు.

నాకు ఆయనతో పరిచయమే అలా అయింది. నేను ఈ దేశం వచ్చిన మొదటి ఉగాది. ఒక స్కూల్ కెఫెటేరియాలో తెలుగువాళ్ళ ఫంక్షన్. ఎవరూ తెలియక వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎవరో పొట్టిగా, సూటు వేసుకున్నాయన నా పక్కకొచ్చి స్టేజీ వైపు చూశారు.

"ఇక్కడ్నించి కనిపిస్తోందా?"

"కనిపిస్తోందండీ."

"వినబడుతోందా?"

"పర్లేదండీ."

"భోంచేశావా?"

లేదన్నాను. ఆయనే వెళ్ళి ప్లేటు తెచ్చిపెట్టారు. అసోసియేషన్ సెక్రటరీ కాబోలు అనుకున్నాను. ఆయనకి ఆ ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదని తర్వాత తెలిసింది.

ఇక ఆయన కూతురు లూసీ. ఇక్కడే పుట్టిన పిల్ల. హైస్కూల్ సాకర్ టీమ్‌లో గోల్‌కీపర్. బాల్ వస్తుంటే ఆ పిల్ల ఎగిరి పడే తీరు చూసి జ్ఞానమ్మగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు. ఎనభై ఐదులో అనుకుంటాను, రెండు కాలేజీల కోచ్‌లు తమ టీమ్‌లోకి రమ్మని లూసీకి ఫోన్లు చేశారు. ఒకటి కప్పుల మీద కప్పులు గెలిచిన పెద్ద టీమ్. రెండోది కనెక్టికట్‌లో ఎవరూ పేరు వినని చిన్న టీమ్. లూసీ మనసంతా పెద్ద టీమ్ మీదే. చూసి రావడానికి నన్ను డ్రైవర్‌గా పిలిచారు, ఎందుకంటే కారు ఓనర్ గారు వెనక సీటు దిగరు.

బయల్దేరే ముందు లూసీ నన్ను పక్కకి లాగింది. "అంకుల్, డాడీకి చెప్పు. కోచ్ ముందు ఆ బ్యాక్ సీట్ బిజినెస్ చెయ్యొద్దు. వాళ్ళు నన్ను డ్రాప్ చేస్తారు. ఐ విల్ డై."

చెప్తానన్నాను. చెప్పాను కూడా. ఆయన "అలాగే" అని కారు వెనక భాగంలో పెద్ద డేగిసా ఎక్కించారు. నిండా కోడి పలావు.

పెద్ద కాలేజీ కోచ్ మమ్మల్ని కప్పుల అద్దాల బీరువా దగ్గరికి తీసుకెళ్ళాడు. దైవాశీర్వాదం గారు ఆ బీరువా వెనక్కి తొంగి చూశారు. పచ్చటి గ్రౌండ్ చూపించాడు. ఈయన నేరుగా పోయి, ఆడని పిల్లలు కూర్చునే బెంచీ చివర కూర్చున్నారు. లూసీ చేతుల్లో మొహం దాచుకుంది.

"సర్, ఇంకేమైనా తెలుసుకోవాలా?" అన్నాడు కోచ్.

"మీ టీమ్‌లో ఆఖర్న ఎవరు భోంచేస్తారు?"

కోచ్‌కి ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి డేగిసా దింపాం. మూత తీయకముందే ఈయన తెలుగులో ప్రార్థన అందుకున్నారు. ఆటగత్తెలు తలలు వంచి, నర్సాపురంలో బంధువుల క్షేమం దాకా ఓపిగ్గా విన్నారు. తర్వాత మొదటి జట్టు పిల్లలు ముందు వడ్డించుకున్నారు. "ఆడేవాళ్ళు ముందు తింటారు, అది మా పద్ధతి" అన్నాడు కోచ్ గర్వంగా. బెంచీ పిల్లల వంతు వచ్చేసరికి వట్టి అన్నం మిగిలింది.

కారెక్కగానే వెనక నుంచి తీర్పు వచ్చింది. "ముక్కలు మిగల్లేదమ్మా."

"డాడీ, నేను టీమ్ చూజ్ చేస్తున్నా. బఫే కాదు."

దారిలో కాఫీకి ఆగినప్పుడు నేనే ఉండబట్టలేక అడిగాను. "అన్నగారూ, పిల్ల ముచ్చట పడుతోంది. ఈ పలావు పరీక్ష ఎందుకు?"

ఆయన కాఫీ ఊదుకుంటూ అన్నారు. "గోల్‌లో నిలబడేది ఒక్కరేనయ్యా. రెండు చోట్లా పెద్ద పిల్లలు ఉన్నారు. ఎక్కడికెళ్ళినా మొదటి ఏడాది దానికి బెంచీయే. ఆడేటప్పుడు ఎవరైనా చప్పట్లు కొడతారు. కూర్చున్నప్పుడు దాని పక్కన ఎవరుంటారో చూసుకోవద్దా?"

ఆయన కాఫీ డబ్బులు కూడా నేనే ఇచ్చేశాను.

తర్వాతి శనివారం కనెక్టికట్. మళ్ళీ డేగిసా, మళ్ళీ ప్రార్థన. అక్కడ బీరువాలో కప్పు ఒక్కటే ఉంది, దానికీ ఒక చెవి విరిగింది. బెంచీ మీద కాలికి కట్టుతో, చంకకర్రలు పక్కన పెట్టుకుని ఒక పిల్ల కూర్చుని ఉంది. ఈయన పోయి ఆ పిల్ల పక్కన చేరి, ఇక్కడ్నించి గ్రౌండ్ అంతా కనిపిస్తోందా అని ఇంగ్లీషులో విచారణ మొదలుపెట్టారు. ఈలోగా టీమ్ కెప్టెన్ మొదటి ప్లేటులో పెద్ద లెగ్ పీస్ ఏరి వేసి, దాన్ని తెచ్చి ఆ కట్టు పిల్ల చేతికిచ్చింది. కోచ్ ఒక ఆవిడ. అందరూ తిన్నాక వచ్చి, గరిటె అడుగుదాకా దించింది. దైవాశీర్వాదం గారు ఆవిణ్ణి అచ్చం తోబుట్టువుని చూసినట్టు చూశారు.

తిరుగు దారిలో లూసీ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పిల్ల పెద్ద టీమే కావాలంటే ఈయన కాదనలేరు, కాదంటే పిల్ల క్షమించదు.

"డాడీ, ఆ కాలికి కట్టున్న అమ్మాయికి లెగ్ పీస్ వచ్చింది. చూశావా?"

"చూశానమ్మా."

"నేను కూడా చూశా." కిటికీ వదిలి వెనక్కి తిరిగి అంది, "ఐ విల్ గో దేర్."

వెనక సీట్లో ఎవరో గట్టిగా ముక్కు చీదుకున్నారు. జలుబట.

ఆయన చెప్పినట్టే అయింది. కాలేజీలో మొదటి ఏడాది లూసీ బెంచీ మీదే ఉంది. ఆకులు రాలే రోజుల్లో ఒక మ్యాచ్ చూడ్డానికి వెళ్ళాం. జ్ఞానమ్మగారు, నేను మెట్ల మీద కూర్చుంటే, దైవాశీర్వాదం గారు బెంచీ వెనకే మడత కుర్చీ వేసుకున్నారు. లూసీని ఒక్క నిమిషం కూడా ఆటలోకి దింపలేదు. నాకు ఒళ్ళు మండిపోయి, ఆ మాటే చెబుదామని ఆయన దగ్గరికి వెళ్ళాను. బెంచీ మీద లూసీ ఆ కట్టు పిల్లతో, కట్టు విప్పేశారు లెండి, భుజాలు రాసుకుంటూ నవ్వుతోంది. ముందు నిలబడ్డ పొడుగాటి పిల్లల నడుముల మధ్య నుంచి మన పొట్టాయన మెడ సాచి చూస్తున్నారు.

లూసీ ఎందుకో వెనక్కి తిరిగింది.

"డాడీ, అక్కడ్నించి కనిపిస్తోందా?"

ఊళ్ళో వెనక నిలబడ్డ ప్రతివాణ్ణీ ఆ మాట అడిగిన మనిషిని, ఎవరైనా తిరిగి ఆ మాట అడగ్గా నేను ఎప్పుడూ వినలేదు. లూసీ వచ్చి ఆయన కుర్చీని బెంచీ పక్కకి లాగి, కూర్చోబెట్టి, తన కోటు ఆయన మోకాళ్ళ మీద కప్పింది. ఆట సగంలో తినమని టీమ్‌కిచ్చిన నారింజ తొనలు కూడా చేతిలో పెట్టింది.

నాకు ఆ ఉగాది నాటి ప్లేటు గుర్తొచ్చింది. ఈయన ఇన్నేళ్ళూ చూస్తున్నది సీట్లని కాదని అప్పుడు నాకు అర్థమైంది.

మ్యాచ్ అయ్యాక అందరం భోజనానికి బయల్దేరాం. ఆయన మామూలుగా వెనక ఎక్కారు. లూసీ కూడా వెనకే ఎక్కి తండ్రి భుజం మీద తల పెట్టింది. "నేనొక్కదాన్నే ముందెందుకు?" అంటూ జ్ఞానమ్మగారూ వెనకే సర్దుకున్నారు. ముందు నేనొక్కణ్ణే, అద్దె టాక్సీవాడిలా.

"ఏమయ్యా శ్రీధర్," అన్నారు వెనక నుంచి, "అక్కడ్నించి కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది అన్నగారూ" అన్నాను, అద్దంలో ముగ్గుర్నీ చూస్తూ.